బుంగడి కన్నీళ్లు, మా అత్త బొటనవేలు

నా చిన్నప్పటి కోపాలు చాలావరకు చల్లారిపోయాయి. లెక్కల సారు మీది కోపం ఆయన రిటైరైన రోజున మెడలో వేసిన దండతో పోయింది. నా జామకాయ తినేసిన తమ్ముడి మీది కోపం వాడికి బట్టతల వచ్చినప్పుడు పోయింది. ఒక్కటి మాత్రం నలభై ఏళ్లుగా అలాగే ఉంది. మా ఇంటి బొగ్గుపొయ్యి లాంటిదది. పైన బూడిద కనిపిస్తుంది, లోపల ఎర్రగా ఉంటుంది, ఊదితే చాలు. కుక్క ఏడిస్తే అరిష్టమని ఎవరైనా నా ముందు అంటే, అది ఊదడమే.

మాది ఇల్లెందు దాటి, అడవి మొదలయ్యే చోట ఉన్న బొగ్గుబాయి కాలనీ. గనిని మా వైపు బాయి అనే అంటారు. మా నాన్న పొద్దున్నే అందులోకి మనిషి రంగులో దిగి, మధ్యాహ్నం దాటాక బొగ్గు రంగులో పైకి వచ్చేవాడు. కాలనీ ఇళ్ల గోడలు ఎంత పల్చనంటే, మూడో ఇంట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్మేవాళ్లం. ఒకరికి కల వస్తే అది ఎలా ముగిసిందో పక్కింటివాళ్లకు ముందే తెలిసిపోయేది. అలాంటి చోట ఒక మాట పుట్టిందంటే దానికి సాయంత్రానికి మీసాలు, మర్నాటికి మనవలు వచ్చేవి.

బుంగడు మా కుక్క. అడవి అంచు గూడెంలో ఉండే నాన్న స్నేహితుడొకాయన పిల్లగా ఉన్నప్పుడు ఇచ్చాడు. రెండు కుక్కలకు సరిపడే తోలును పొరపాటున దీనొక్కదానికే కుట్టి పంపినట్టుండేది. నుదుటి మీద మడతలు, బుగ్గల మీద మడతలు, మడతల మీద మడతలు. నవ్వితే వెనక కాళ్ల దాకా తోలు సర్దుకునేది. వయసు ఏడెనిమిది నెలలు వచ్చేసరికి దాని కళ్ల నుంచి నీళ్లు కారడం మొదలైంది. మామూలు నీళ్లు కావవి. కిన్నెరసాని వాగుకు కట్టినట్టు దానికీ ఒక ఆనకట్ట కడితే మా వీధి వెనకున్న పొలాలు రెండు పంటలు పండేవి. కళ్లు సగం మూసుకుని, వెలుతురు చూస్తే తల తిప్పుకుని, ముందు కాలితో ముఖం రుద్దుకుంటూ తిరిగేది.

ఇక్కడ నేను చేసిన పని ఒకటి చెప్పాలి. బాయి నుంచి వచ్చిన మగవాళ్లకు కాలనీలో ఒక సేవ జరిగేది. స్నానం కాగానే మంచం మీద వెల్లకిలా పడుకుంటే, ఇంటి ఆడవాళ్లు మెత్తటి గుడ్డను కొబ్బరినూనెలో ముంచి, ఒత్తిలా చేసి, రెప్పల అంచుల వెంట బొగ్గు తుడిచేవాళ్లు. ఎంత తుడిచినా ఒక నల్లగీత మిగిలేది. అందుకే మా కాలనీ మగవాళ్లందరివీ పెళ్లికూతురి కళ్లు. పెద్ద పెద్ద మీసాలు, వాటిపైన కాటుక కళ్లు. కొత్తగా వచ్చినవాళ్లు భయపడాలో నవ్వాలో తెలియక తికమకపడేవారు. బుంగడి కళ్లలోనూ బొగ్గే పడిందనుకున్నాను. అమ్మ నాన్నకు తుడవడం అయ్యాక, అదే గుడ్డ తీసుకుని, రోజూ సాయంత్రం బుంగణ్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, వాడి రెప్పలు తుడిచేదాన్ని. వాడు వద్దని మూలిగేవాడు. మందు ఎవరికి ఇష్టం అనుకుని ఇంకాస్త గట్టిగా పట్టుకునేదాన్ని.

కాలనీలో వైద్యులకు కొదవ లేదు. ఉల్లిగడ్డ రసం పిండమని ఒకావిడ, సున్నపు తేట పొయ్యమని ఇంకొకావిడ, రెండూ కలిపితే జల్దీ తగ్గుతుందని ఇద్దరికీ నచ్చేలా మూడో ఆవిడ. ఒక పెద్దాయన ఏ మందూ చెప్పకుండా చుట్ట పొగ నేరుగా బుంగడి ముఖం మీద ఊదాడు. బుంగడు ఆయన కాలు కరిచి పట్టుకున్నాడు. ఆ రోజు బుంగడికి రెండు రొట్టెలు ఎక్కువ పెట్టాను.

అసలు ముప్పు బుంగడి అలవాటు వల్ల వచ్చింది. పొద్దున సైరన్ కూయగానే వాడు నాన్న వెంట వీధి చివర నీళ్ల నల్లా దాకా వెళ్లి, అక్కడ కూర్చుని, షిఫ్టుకు పోయేవాళ్లందరినీ సాగనంపేవాడు. లారీల దుమ్ము, చలిగాలి, ఎదురెండ. కళ్ల నుంచి రెండు ధారలు. ఆ దారిలోనే నాలుగో ఇంటి మామ ఒకరోజు షిఫ్టుకు వెళ్లాడు. లోపల కప్పుకు ఆనించే దుంగ జారి, కాలి మీద పడి, రెండు వేళ్లు విరిగాయి. ఆ సమయంలో ఆయన దుంగకు వీపు పెట్టి తన బామ్మర్ది పెళ్లిలో వడ్డించిన మటన్ గురించి చెబుతున్నాడన్నది ఎవరికీ గుర్తు రాలేదు. దవాఖానాలో పడుకుని, పైకప్పు చూస్తూ, ఆయన అన్న ఒక్క మాట మాత్రం కాలనీ అంతటికీ గుర్తుంది.

"పొద్దుగాల ఆ కుక్క నా దిక్కు జూసి ఏడ్సింది."

అయిపోయింది. ఆ రోజు నుంచి కాలనీలో జరిగిన ప్రతి చెడుకూ బుంగడే బాధ్యుడు. కోడిపెట్ట పోయినా బుంగడే, పప్పు మాడినా బుంగడే, పదో తరగతి తప్పినవాడికి కూడా బుంగడే కారణం. ఆ పిల్లాడు అసలు పరీక్షకే వెళ్లలేదు! మగవాళ్లు నల్లా దారి మానేసి, మరుగుదొడ్ల వెనక మురుగు కాలవ దాటి బాయికి పోవడం మొదలుపెట్టారు. కాలవలో జారి పడ్డవాళ్లు అదీ కుక్క ఖాతాలోనే వేశారు. చివరికి నలుగురు పనికి నాగా పెట్టారు. దాంతో సర్దారు మా ఇంటికి వచ్చాడు.

సర్దారంటే బాయి లోపల మా నాన్న గుంపుకు పెద్ద. ఆయన మీసాల మీద రెండు జతల పిచ్చుకలు ఇబ్బంది లేకుండా కాపురం చేసుకోవచ్చు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏం తమ్మీ, కుక్కను సాదుతున్నవా, యముణ్ని సాదుతున్నవా?"

"కండ్లల్ల దుమ్ము పడ్డదన్నా. తగ్గుతది," అన్నాడు నాన్న.

"మూడు నెలల సంది దుమ్మేనా? ఇయ్యాల నలుగురు నాగా. మేనేజరు నన్ను తిట్టిండు. కుక్క ఏడ్సిందని రాలేదు సార్ అని రిజిస్టర్ల రాయమంటవా?"

"రాయుండ్రి!" అని తలుపు చాటు నుంచి నేను అరిచాను. అమ్మ నా నోరు మూసింది.

"ఆదివారం దాక టైమిస్తున్న. నువ్వు ఇడ్సి రాకుంటే మేమే గోతంల కట్టి, వాగు అవతల అడవిల పారేసి వస్తం. ఆడికెల్లి దాని నసీబు."

కళ్లు తెరవలేని కుక్కను, ఎలుగుబంట్లు, అడవిపందులు తిరిగే చోట. మా నాన్న అప్పుడు ఏమంటాడోనని చూశాను. ఒకసారి లోపల కప్పు కూలినప్పుడు, అందరూ బయటికి పరుగెత్తుతుంటే లోపలికి పరుగెత్తి, ఒక మనిషిని ఈడ్చుకొచ్చిన మనిషి మా నాన్న. అంతటివాడు ఆ రోజు తల దించుకుని, "సరే అన్నా" అన్నాడు.

ఆ రెండు మాటలు నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. మూడు రోజులు అన్నం ముట్టలేదు. అంటే, కంచంలో అన్నం. డబ్బాలో అటుకులు, పక్కింటి అక్క పెట్టిన జంతికలు దీక్ష కిందికి రావని నా లెక్క. మంచం కింద బుంగడి పక్కనే పడుకుని, వచ్చిపోయే కాళ్లన్నింటినీ తిట్టాను. మూడో రోజు నాన్న కాళ్లు వచ్చి మంచం పక్కన ఆగాయి. మనిషి కూడా కిందికి వంగాడు.

"నాయినా, నువ్వు గూడ నమ్ముతున్నవా?" అని అడిగాను.

నాన్న నేల మీదే కూర్చున్నాడు. "నమ్మను బిడ్డా. కాని బాయి దిగేటప్పుడు యాదికొస్తది. యాదికొస్తే చెయ్యి వణుకుతది. ఆడ చెయ్యి వణికితే ఇంక అంతే," అన్నాడు.

నాకు కోపం తగ్గలేదు. కానీ ఎటు విసరాలో తెలియకుండా పోయింది. అది ఇంకా కష్టం.

శనివారం మధ్యాహ్నం ఏన్కూరు బస్సులోంచి మా మేనత్త దిగింది. నాన్నకు అక్క. అక్కడి మిషన్ దవాఖానాలో, కళ్ల వార్డులో ఇరవై ఏళ్లుగా ఆయా. అక్కడికి పల్లెల నుంచి ముసలమ్మలు వచ్చేవారు. ఎప్పుడో చిన్నప్పుడు కళ్లు పుండ్లు పడి, మాని, వయసు ముదిరేసరికి రెప్ప లోపలికి ముడుచుకుపోయి, రెప్పవెంట్రుకలు కంటిగుడ్డునే గీకుతుంటే ఏడ్చుకుంటూ వచ్చేవారు. డాక్టరమ్మ చూసి చెప్పాక, బొటనవేలితో రెప్పను తిప్పి పట్టుకుని, చిన్న పట్టకారుతో ఆ వెంట్రుకలు ఒక్కొక్కటే పీకడం మా అత్త పని. ఆమె అప్పటిదాకా పీకిన వెంట్రుకలన్నీ దాచి ఉంటే ఒక గొంగడి నేయించుకునేది. ఆ బొటనవేలు కూడా చూడాల్సిందే. వెడల్పుగా, మెత్తగా, చిన్న అట్లకాడలా ఉండేది.

ఆమె సంచి దించీ దించకముందే నేను మంచం కింద నుంచి బయటికి వచ్చి కథంతా చెప్పాను. చెబుతూ సర్దారు మీసాలను ఇంకో మూరెడు పెంచాను. అత్త కొంగు దోపుకుంది. సబ్బుతో చేతులు కడుక్కుంది, మోచేతుల దాకా. బుంగడి ముందు గొంతుక్కూర్చుని, మెడ కింద నిమిరి, నిమిరి, బొటనవేలిని కన్ను కింద మడత మీద ఆనించి, తోలును మెల్లగా కిందికి లాగింది.

మూడు నెలల్లో మొదటిసారి మా బుంగడు కన్ను పూర్తిగా తెరిచాడు.

"జూడు పిల్లా. కనవడ్డదా? రెప్ప లోపలికి మడత పడ్డది. ఎంట్రుకలు గుడ్డును గీకుతున్నయ్. మా ముసలవ్వలకు అయినట్టే. కుక్కలకు గూడ అయితదని నాకెర్కలేదు." బొటనవేలు తీసింది. రెప్ప మళ్లీ లోపలికి దొర్లింది. నీళ్లు మళ్లీ మొదలయ్యాయి. నా కళ్ల ముందే, ఒక వేలు వేస్తే ఆగి, తీస్తే మొదలయ్యే ఏడుపు!

రెండో కన్ను చూసినప్పుడు మాత్రం అత్త ముఖం మారింది. నల్లగుడ్డు మీద ఉడికిన గుడ్డు తెల్లసొన లాంటి మచ్చ. దగ్గరగా వంగి వాసన చూసింది. "కొబ్బరినూనె వాసనేందే?"

చెప్పాను. గుడ్డ తెచ్చి చూపించాను. ఆమె తిట్టలేదు. నా మణికట్టు లోపలి వైపు ఆ గుడ్డను ఒకసారి రుద్దింది, మెల్లగానే. చురుక్కుమంది. నూనెలో తడిసిన సన్నటి బొగ్గు నలుసులు. "నీ చేతికే గిట్లుంటే కంటికెట్లుంటది బిడ్డా?" అంది. అప్పటిదాకా కాలనీ మీదున్న కోపమంతా ఒక్కసారి ఇల్లు మారి నా దగ్గరికి వచ్చేసింది.

మర్నాడు ఆదివారం. మా ఇంట్లో అందరం చర్చిలో ప్రార్థనకు తయారవుతుంటే గుమ్మంలో సర్దారు, వెనక నలుగురు మగవాళ్లు. ఒకడి భుజం మీద గోనెసంచి. నేను బుంగడి మెడ పట్టుకున్నాను, కరవాల్సి వస్తే ముందు ఎవరిని కరవాలో కూడా అనుకున్నాను. నేను కరవడం గురించే చెబుతున్నాను, బుంగడు కాదు.

అత్త చిరునవ్వుతో ఎదురెళ్లింది. "దా అన్నా, కూసో. చాయ్ తాగి పోదురు గాని. ఏందన్నా, నీ కండ్లు గింత ఎర్రగున్నయ్? నాది కండ్ల దవాఖానల పని. మొహం పైకెత్తు, బొగ్గు తీస్త."

మా కాలనీ మగవాడికి కళ్లు తుడుస్తానంటే కాదనే శక్తి లేదు. సర్దారు కుర్చీలో వెనక్కి వాలాడు. కాచి చల్లార్చిన నీళ్లు, శుభ్రమైన దూది. కుడికన్ను అయ్యింది. "సల్లగున్నది చెల్లె," అన్నాడు సర్దారు, మీసాలు కూడా కాస్త వాలిపోయాయి. ఎడమకన్ను దగ్గరికి వచ్చేసరికి అత్త బొటనవేలిని కింది రెప్ప మీద పెట్టి, పైకి నెట్టి, ఒక్క మలుపు తిప్పింది. అంతే. రెప్పవెంట్రుకలు వరసగా లోపలికి తిరిగి కంటిగుడ్డుకు ఆనాయి.

"కదలకన్నా. కదిల్తే ఇంకింత గుచ్చుకుంటయ్."

సర్దారు కదల్లేదు. కానీ కన్నీళ్లు ఆగుతాయా? బుగ్గ మీద నుంచి మీసంలోకి, మీసంలో కాసేపు నిలవ ఉండి, అక్కడి నుంచి చొక్కా మీదికి. పిచ్చుకలు ఉండి ఉంటే ఆ వరదకు ఇల్లు ఖాళీ చేసేవి.

"అయ్యో, ఏడుస్తున్నవేందన్నా?" అంది అత్త, గొంతు ఏ మాత్రం పెంచకుండా. "అదీ మా తమ్ముని దిక్కే జూసి ఏడుస్తున్నవ్. రేపు వాన్ని బాయి దిగమంటవా, వద్దంటవా?"

వెనకున్న నలుగురిలో ఒకడికి నవ్వు ముక్కులోంచి వచ్చింది. "సర్దారు ఏడ్సిండంటే గ్యాంగు మొత్తం నాగానే పెట్టాలె!" అన్నాడు గోనెసంచి వాడు.

"ఇడువు తల్లీ, ఇడువు!"

"నీకు అరనిమిషమన్నా. దానికి మూడు నెలలు." వేలు తీసింది. నీళ్లతో కన్ను కడిగింది, దూదితో అద్దింది. సర్దారు లేచి, ఎర్రగా చూస్తూ, "నాతోని పరాచకాలా?" అని గర్జించాడు. గర్జన బాగానే ఉంది కానీ ఒక కన్ను ఇంకా ఏడుస్తోంది. అత్త ఆయన చెయ్యి పట్టుకుని బుంగడి దగ్గరికి తీసుకెళ్లింది. చేతులు కడిగించి, ఆయన బొటనవేలినే కన్ను కింద మడత మీద పెట్టించి కిందికి లాగమంది. ఆయన లాగాడు. బుంగడు కన్ను తెరిచి ఆయన ముఖంలోకి చూశాడు. ఏడుపు లేదు. ఆయన వేలు తీశాడు. మళ్లీ పెట్టాడు. మళ్లీ తీశాడు. 

"పది దినాలు జూస్తం," అన్నాడు చివరికి, ఎవరితో అంటున్నాడో తెలియకుండా. చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు. తప్పు ఒప్పుకున్నాడని ఎవరూ అనుకోకండి. మా కాలనీలో అప్పటిదాకా ఎవరూ ఆ పని చేయలేదు, మొదటివాడు కావడం ఆయనకు ఇష్టం లేదు. గోనెసంచి మాత్రం మా గుమ్మంలో ఉండిపోయింది.

సోమవారం మా నాన్న జీవితంలో మొదటిసారి కుక్క కోసం నాగా పెట్టాడు. అదే గోనెసంచిలో బుంగణ్ని కూర్చోబెట్టి, తల బయటికి పెట్టి, భుజాన వేసుకుని బస్సెక్కాడు. వెనక అత్త, ఆ వెనక నేను. పశువుల దవాఖానా డాక్టరు పాపం మంచివాడే. "అమ్మా, నేను బర్రెలు, మేకలు చూసేటోన్ని, కుక్క కన్ను ఎప్పుడూ కొయ్యలేదు," అన్నాడు. అల్మారాలోంచి బూజు పట్టిన లావు పుస్తకం దింపి, అరగంట చదివి, మత్తు ఇచ్చి, రెండు కళ్లకూ రెప్ప కింద నెలవంకలా సన్నటి తోలు ముక్క తీసి కుట్లు వేశాడు. ఆ బిగువుకు రెప్ప బయటికి తిరిగింది. తల కదలకుండా పట్టుకున్నది అత్త. నాన్న బల్లకు ఎదురుగా నిలబడలేక, బయటికి వెళ్లి మేకల పక్కన కూర్చున్నాడు.

"ఒక కన్ను బాగైతది. రెండోదాంట్ల మచ్చ మిగుల్తది. ఇంకో నెల ముందు తెస్తే బాగుండు," అన్నాడు డాక్టరు. ఆ నెలలో నేను ముప్పై సాయంత్రాలు శ్రద్ధగా నూనెగుడ్డ రుద్దాను.

కుట్లు గీక్కోకుండా పాత ప్లాస్టిక్ బకెట్ అడుగు కోసి మెడకు కట్టాడు నాన్న. ఆ బకెట్ తలతో బుంగడు కాలనీలో ప్రతి తలుపుకూ డబ్ డబ్‌మని గుద్దుకుంటూ తిరిగాడు. కాలనీకి బాగా అయిందనుకున్నాను. కుట్లు తీసే దాకా అత్త మా ఇంట్లోనే ఉంది. ఆ రెండు వారాల్లో కన్నీళ్లు ఆగిపోయాయి. బాయిలో ఎవరికీ ఏమీ కాలేదు. ఇక్కడితో అందరికీ బుద్ధి వచ్చిందని రాయాలని నాకూ ఉంది. కానీ మా కాలనీ సంగతి మీకు తెలియదు. ఏడవని కుక్క శుభమట! అందులోనూ తెల్లకన్ను కుక్క ఇంకా శుభమట! షిఫ్టుకు పోయేవాళ్లు నల్లా దగ్గర ఆగి, వాడి బకెట్ లోపలికి చెయ్యి పెట్టి, తల తాకి, ఆ చెయ్యి గుండెకు ఆనించుకుని వెళ్లడం మొదలుపెట్టారు. కాలికి పట్టీతో నాలుగో ఇంటి మామ కుంటుకుంటూ వచ్చి మరీ తాకాడు. సర్దారు ఒక బిస్కెట్ ప్యాకెట్ తెచ్చాడు. అది నేను లాక్కుని కాలవలోకి విసిరేశాను. గోనెసంచి తెచ్చినప్పుడు కూడా నాకు అంత కోపం రాలేదు.

అత్త వెళ్లిపోయే రోజు బస్సు కోసం నిలబడి, ఇంకా ఉడికిపోతూ అడిగాను. "అత్తా, వీళ్ల మీద నీకు కోపం రాదా? సర్దారు కన్ను అట్లనే పట్టుకోకపోయినవ్, సాయంత్రం దాక!"

అత్త నవ్వలేదు. "రాకేం బిడ్డా? ఆ గోతం జూసినప్పుడు నా నెత్తి మండింది. మస్తు కోపమొచ్చింది." బొటనవేలు నా ముందు పెట్టింది. "గీడ పెట్టుకున్న. నోట్లకు రానిస్తే చెయ్యి వణుకుతది. నా చెయ్యి వణికితే ఒకల కన్ను పోతది."

బాయి దిగేటప్పుడు చెయ్యి వణుకుతుందని నాన్న అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. అక్కాతమ్ముళ్లిద్దరికీ ఉన్న భయం ఒకటే. ఆ రోజు ఇంటికి వచ్చి, మూడు వారాల తర్వాత మొదటిసారి నాన్న పక్కన కూర్చుని అన్నం తిన్నాను.

బుంగడు ఆ తర్వాత పదేళ్లు బతికాడు. తెల్లకన్ను అలాగే ఉండిపోయింది. వాడు ఆ వైపు నుంచి నన్ను చూడలేక, పిలిస్తే తల మొత్తం తిప్పి చూసేవాడు. చూసిన ప్రతిసారీ నాకు మణికట్టు చురుక్కుమనేది.

మొన్న ఖమ్మంలో మా వీధి మలుపులో ఒక కుక్కపిల్ల కళ్లు మూసుకుని, నీళ్లు కారుస్తూ కూర్చుంది. చుట్టూ నలుగురు. చదువుకున్నాయన ఒకడు తన కంటికి వాడగా మిగిలిన చుక్కల మందు సీసా మూత తీస్తున్నాడు, ఇంకొకావిడ పొద్దున్నే ఎదురుగా ఈ ఏడుపేమిటని వెనక్కి తిరుగుతోంది. నేను నోరు తెరిచాను. మా వీధిలో ఇంకా నా అరుపు గురించే చెప్పుకుంటున్నారు. రెండు ఆటోలు ఆగాయి, మూడో అంతస్తులో ఆరేసిన చీర జారి పడింది. అరవడం పూర్తయ్యాక నల్లా తిప్పి, మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాను. పిల్లను పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి ఆగిన ఆటోల్లో ఒకటి పనికొచ్చింది. ఎక్కేముందు కన్ను కింద బొటనవేలు ఆనించి, మెల్లగా కిందికి లాగి చూశాను. నా నోరు ఇంకా వణుకుతూనే ఉంది. వేలు మాత్రం కదల్లేదు.